హిందూపురం మిషన్‌ను అడగలేదు

పంతొమ్మిది చీర అంచులను నా చేత్తో నేనే తుడిచేశాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పినా వాళ్ళు నన్ను వదిలేసి కరెంటోళ్ళను తిడతారు, గాలివానను తిడతారు, చివరికి కంప్యూటర్లను నమ్ముకుంటే ఇంతేనంటారు. అవేవీ ఏ పాపమూ చేయలేదు. పట్టపగలు, ఫ్యాను కింద కూర్చుని, పక్కన కాఫీ పెట్టుకుని నేనే చేశాను. చేసినంతసేపూ నాకు మనసు హాయిగా ఉంది కూడా.

నేను పుట్టింది ధర్మవరంలో, మగ్గాల వీధిలో. మెట్టింది పెనుకొండలో. ఉద్యోగం చేనేతవాళ్ళ సంఘం ఒకదానిలో, పట్టుచీరల డిజైన్లను కంప్యూటర్లో భద్రంగా దాచే పని. సంఘానికి ధర్మవరంలో ఒక ఆఫీసు, హిందూపురంలో ఒక ఆఫీసు, రెండుచోట్లా ఒక్కో సర్వర్. మావాళ్ళు సర్వర్ అనరు, మిషన్ అంటారు. నా ఇల్లు రెండూళ్ళకూ నడుమ ఉంది కాబట్టి వారంలో రెండు రోజులు అటు, రెండు రోజులు ఇటు తిరుగుతాను. ధర్మవరం పోవాలంటే చెన్నేకొత్తపల్లి మీదుగా బస్సు, హిందూపురం పోవాలంటే రైలు. ఆ మిషన్లకు డాక్టరునూ నేనే, ఆయానూ నేనే. ఇంకో మనిషిని పెట్టండయ్యా అని మొత్తుకుని మొత్తుకుని నా గొంతు పోయింది, అది వేరే సంగతి.

ఆ రెండింటిలో ఒకటి అసలు, ఇంకొకటి నకలు. ఎవరు ఏ ఊళ్ళో కూర్చుని కొత్త డిజైన్ ఎక్కించినా అది అసలు మిషన్‌లో పడుతుంది. పడిన మరుక్షణం నకలు మిషన్ దాన్ని అందుకుని తన దగ్గర కూడా అలాగే రాసుకుంటుంది. నకలు మిషన్‌లో ఎవరూ ఏమీ రాయలేరు, అది వినడానికే. అసలుది పడిపోతే మాత్రం నకలు తనంతట తానే అసలు స్థానంలోకి వచ్చి పని అందుకుంటుంది. ఈ ఏర్పాటంతా నేనే చేశాను. చేసి ఊరంతా చెప్పుకున్నాను.

ఇందులో ఒక చిక్కుంది. ఏది అసలో, ఏది నకలో పైకి చూస్తే తెలియదు. రెండూ ఒకే రకం నల్లపెట్టెలు, లోపల ఉండేదీ ఒకటే. తెలుసుకోవాలంటే దాన్నే అడగాలి. నువ్వు ఇప్పుడు ఇంకొకదాన్ని అనుసరిస్తున్నావా అని ఒక్క లైను టైపు చేస్తే చాలు. అవునంటే నకలు, కాదంటే అసలు. అంతకంటే సులువైన ప్రశ్న మా పనిలో ఇంకొకటి లేదు.

సులువైనది కాబట్టే అడగం. నాకైతే అడగడమే నామోషీగా ఉండేది. నేను పెట్టిన మిషన్లు, నేను సాకిన మిషన్లు, పొద్దున లేచి ఇంట్లోవాళ్ళను నువ్వెవరని అడుగుతామా? పైగా మా ధర్మవరం ఆఫీసులో ఇంకో అలవాటుంది. ఆయుధపూజ నాడు మగ్గాలతో పాటు మిషన్‌కు కూడా పసుపు రాసి, రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. అసలు మిషన్ అని దానికంత మర్యాద. హిందూపురంలో ఉన్నదానికి కందిగింజంత చుక్క పెట్టి సరిపెడతారు. దండ ఎండిపోతుంది గానీ బొట్టును ఎవరూ చెరపరు, అశుభమంటారు. ఏడాది పొడుగునా ఆ పెద్ద బొట్టు చూసి చూసి, ధర్మవరంది అసలు, హిందూపురంది నకలు అన్నది నాకు నా పేరంత ఖాయమైపోయింది.

ఇక పెద్దాయన సంగతి చెప్పాలి. చీర అంచులకూ కొంగులకూ డిజైన్లు గీసే మాస్టరు. మా నాయన బతికున్నప్పుడు ఆయన గీసిన అంచులే నేసేవాడు, నేను ఆయన్ని చిన్నప్పటి నుంచీ పెద్దనాయనా అనే పిలుస్తాను. వయసులో ఉండగా ఆయన గీసినవాటిలో పంతొమ్మిది అంచులకు ఇప్పుడు ఆనవాలు లేదు. చీరలు అమ్ముడుపోయాయి, మగ్గానికి కట్టే చిల్లుల అట్టలను చెదలు తినేశాయి. అవి ఆయన తలలో మాత్రమే ఉన్నాయి. అంతలో ఆయనకు కళ్ళలో నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్ళు ఆపుతామని డాక్టరు చెప్పాడు. ఆ మాట విన్న మర్నాడే ఆయన మా ధర్మవరం ఆఫీసుకు వచ్చాడు.

"చూపున్నన్ని దినాలు గీస్తా. ఎక్కించుకోండి" అన్నాడు.

సంఘంలో అందరికీ పండగైంది. నేను సంబరంగా మా ఏర్పాటంతా వివరించాను. ఇక్కడ ఎక్కించింది ఎక్కించినట్టే హిందూపురంలో నకలు పడుతుంది అనేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"నకలంటే మా పనిలో దొంగతనం పాపా. నా మామిడిపిందె అంచును నకలు కొట్టుకోని నాకంటే ముందు అమ్ముకున్నోళ్ళు ఈ వీధిలోనే ఉండారు. మళ్ళా నువ్వొచ్చి నకలు పెడతానంటాండావే."

"ఇది ఆ నకలు కాదు పెద్దనాయనా. ఈ మిషన్‌కు ఏమన్నా అయితే నీ అంచు ఆడ బతికుంటుంది. దానికేమీ కాదు, నాదీ పూచీ."

నాదీ పూచీ అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట నోట్లోంచి.

ఆయన ఒప్పుకున్నాడు గానీ తన పద్ధతి వదల్లేదు. ఇక్కడి మాస్టర్లకు ఒక కట్టడి ఉంది. గళ్ళ కాయితం మీద డిజైన్ గీస్తారు, దాన్ని బట్టి అట్టలకు చిల్లులు కొట్టిస్తారు. అట్టలు సరిచూసుకోగానే ఆ కాయితాన్ని చించేస్తారు. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు చూస్తారు, చూస్తే దొంగిలిస్తారు. మిషన్ వచ్చినా పెద్దాయన అదే చేశాడు. మా ఆఫీసులో డిజైన్లు ఎక్కించేది ఆయన కోడలే. ఆమె గడి గడీ చూసి ఎక్కిస్తుంది. ఆయన తెరకు ముక్కు ఆనించి వరస వరసా సరిచూస్తాడు. సరే అన్నాక కాయితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకుని, ఇంటికి పోయి నీళ్ళపొయ్యిలో వేస్తాడు. కాయితం దగ్గరికి సెల్‌ఫోను రానివ్వడు. నేనొకసారి సరదాగా ఫొటో తీయబోతే, "నీ మిషన్ మీద నీకే నమ్మకం లేదా?" అన్నాడు. నాకు పౌరుషం వచ్చి ఫోను సంచిలో పడేశాను.

అయిదు వారాల్లో పంతొమ్మిదీ పూర్తయ్యాయి. చివరిది ఎక్కిన రోజు ఆయన అందరికీ మైసూరుపాకు తెచ్చి పంచాడు. పంతొమ్మిది కాయితాలూ నీళ్ళపొయ్యిలోకి పోయాయి.

అది జరిగిన పది రోజులకు హిందూపురం మిషన్ నుంచి నాకు మెసేజ్ వచ్చింది, డిస్కు నిండిపోతోందని. ఉదయం రైలుకు హిందూపురం పోయాను. ఆ ఆఫీసు తలుపు తీసి ఊడ్చి, అందరికీ కాఫీ ఇచ్చే ఆవిడది అగళి పక్క పల్లె. తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో కన్నడం దొర్లుతుంది. నేను కూర్చోగానే అంది:

"మేడం, ఈ నడుమ ఈ మిషన్ శానా సద్దు చేస్తాండాది. ముందు ఇంత సద్దు లేకుండె. చెయ్యి పెడితే బిసిగా ఉండాది."

వేడిగా ఉందని చెబుతోంది. దగ్గర దగ్గర నెలన్నర నుంచి అలాగే ఉందట. "నువ్వు దానికి ముద్దలు ఎక్కువ పెడతాండావేమో తగ్గించు" అని నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఊరికే వినే మిషన్‌కు అంత పని ఎక్కడిదని ఒక్క క్షణం ఆలోచించినా బాగుండేది. నా బుద్ధి ఆ రోజు గడ్డి మేయడానికి పోయింది.

లోపల చూస్తే పాత మార్పుల ఫైళ్ళు కుప్పలు కుప్పలుగా పేరుకున్నాయి. నకలు మిషన్ ఏదో మొరాయించింది, అందుకే ఇవన్నీ మింగి కూర్చుందనుకున్నాను. అలా అయినప్పుడు మా పనిలో అందరూ చేసేది ఒకటే. నకలును ఆపేసి, అందులో ఉన్నదంతా తుడిచేసి, అసలు దాని నుంచి మళ్ళీ మొత్తం తెచ్చుకోవడం. నకలే కదా, పోయేదేముంది. ఇంత ఆలోచించాను గానీ, ఒక్క లైను టైపు చేసి నువ్వెవరని దాన్ని అడగలేదు. అడగాలన్న తలంపే రాలేదు.

ఆపాను. తుడిచాను. ధర్మవరం నుంచి కొత్తగా తెచ్చుకోమని చెప్పి కాఫీ తాగాను. గంటన్నరలో అంతా అయిపోయింది. డిస్కు సగం ఖాళీ అయింది, మిషన్ చల్లబడింది, చప్పుడు కూడా తగ్గింది. చూశావా అని ఆ ఆఫీసావిడతో గొప్పలు పోయాను. మధ్యాహ్నం రైలుకు పెనుకొండలో దిగి, స్టేషన్ బయట రెండు కిలోల టమాటాలు కొనుక్కుని ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున నేను దోసెలు వేస్తుంటే పెద్దాయన కోడలు ధర్మవరం ఆఫీసు నుంచి ఫోను చేసింది.

"అక్కా, మామవి ఒక్కటి గూడా కనపడలే."

"సరిగ్గా చూడు. ఏదో నొక్కింటావు" అని విసుక్కున్నాను.

"అంతా చూసినా అక్కా. పంతొమ్మిదీ లేవు. పేర్లు గూడా లేవు."

పొయ్యి ఆర్పి కంప్యూటర్ తెరిచాను. ఇంటి నుంచే రెండు మిషన్లనూ చూడగలను. ఆమె చెప్పింది నిజం. ధర్మవరంలో ఉన్న చివరి డిజైన్ ఎవరో కుర్రమాస్టరు ఎక్కించిన కొంగు, తేదీ చూస్తే పెద్దాయన మొదటి అంచు ఎక్కించడానికి రెండు రోజుల ముందుది. ఆ తర్వాత ఏమీ లేదు. హిందూపురంలో చూశాను. అందులోనూ అంతే. ఉండక ఏం చేస్తుంది, నిన్న నేనే ధర్మవరం నుంచి తెచ్చి పోశాను కదా.

అప్పుడు అడిగాను. ధర్మవరం మిషన్‌ను అడిగితే నేను అసలంది. హిందూపురాన్ని అడిగితే నేను నకలంది. అంతా సక్రమంగా ఉంది. ఆ సక్రమం చూసి నాకు భయమేసింది. మిషన్లు ఎప్పుడెప్పుడు ఏ స్థానంలో ఉన్నాయో రాసుకునే పుస్తకంలాంటి ఫైలు ఒకటుంటుంది, దాన్ని తెరిచాను. అందులో చివరి రెండు మార్పులు చదివాను. మళ్ళీ చదివాను.

నెలన్నర కిందట ఒక మధ్యాహ్నం ధర్మవరంలో గాలివాన కొట్టి కరెంటు పోయింది. ధర్మవరం మిషన్ ఆగిపోగానే హిందూపురం మిషన్ అసలు స్థానంలోకి వచ్చింది, నేను చేసిన ఏర్పాటు ప్రకారమే. కరెంటు వచ్చాక ధర్మవరం మిషన్ లేచింది గానీ, హిందూపురాన్ని అనుసరించలేక ఆ గాలివాన రోజు దగ్గరే ఆగిపోయింది. అప్పటి నుంచీ ధర్మవరం ఆఫీసులో కూర్చుని ఎక్కించిన ప్రతి గడీ హిందూపురంలోనే పడింది. కోడలికి తేడా తెలియదు, తెర మీద అన్నీ కనబడుతూనే ఉన్నాయి. పెద్ద బొట్టు ఉన్న మిషన్ నెలన్నరగా ఊరికే కూర్చుంది. చిన్న చుక్క ఉన్న మిషన్ సంసారమంతా మోస్తోంది. నేను చెత్త అనుకున్న ఆ కుప్పలు, ధర్మవరం ఎప్పటికైనా వచ్చి తీసుకుంటుందని అది దాచిపెట్టిన మార్పులు. నేను దాన్ని ఆపిన మరుక్షణం ధర్మవరం మళ్ళీ అసలు స్థానంలోకి వచ్చింది. అందుకే ఇప్పుడు అడిగితే అంతా సక్రమంగా కనబడుతోంది.

ఫోనులో పాత మెసేజ్‌లు వెతికాను. గాలివాన రోజు నేను రొద్దంలో చుట్టాల పెళ్ళిలో ఉన్నాను. పెళ్ళి ఫొటోల గ్రూపులో నుంచి వందల మెసేజ్‌లు వచ్చిపడుతుంటే వాటి మధ్యలో ఒక్కటి, స్థానం మారింది, హిందూపురం ఇప్పుడు అసలు అని. చదవలేదన్న గుర్తు దాని పక్కన లేదు, అంటే తెరిచాను. చూసి దాటేశాను. రోజూ తీసే బ్యాకప్ ఉందిగా అని ఆఖరి ఆశ. అది నేను ధర్మవరం మిషన్ నుంచి తీసేలా పెట్టాను, ఎందుకంటే అదే కదా అసలు. నెలన్నర పాటు ప్రతిరోజూ అదే గాలివాన రోజును మళ్ళీ మళ్ళీ భద్రపరచింది.

మా ఆయన గదిలోకి వచ్చి నా మొహం చూసి, "ఎవరన్నా పోయినారా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. కోడలు ఫోనులో ఇంకా అక్కా అక్కా అంటూనే ఉంది. ఆమెకేం చెప్పాలో తెలియక పెట్టేశాను.

సంఘం కార్యదర్శికి విషయం చెప్పి, హిందూపురం డిస్కు ఊడదీసుకుని బెంగళూరు పోయాను. పోయిన డేటాను వెలికితీసే అతను మూడు రోజులు ఉంచుకుని, తుడిచి ఊరుకుంటే తీయగలిగేవాణ్ణి, దాని మీద మళ్ళీ రాశారు కదా అన్నాడు. మంచివాడు, నా మొహం చూసి మెల్లగానే చెప్పాడు. తిరుగు రైల్లో కూర్చుని నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. అడగడానికి పట్టేది మూడు సెకన్లు. కాఫీ చల్లారడానికి పట్టే సమయంలో వంద సార్లు అడిగుండొచ్చు.

మిగతా మాస్టర్ల డిజైన్లయితే వాళ్ళ అట్టలు చూసి మళ్ళీ ఎక్కించుకోవచ్చు, పెద్దాయనవి అలా కుదరదు. ఆయనకు ఇంకా ఎవరూ చెప్పలేదు. నేనొచ్చి చెబుతాను, అందాకా చెప్పొద్దని కోడలి చేత మాట తీసుకున్నాను. ధర్మవరంలో దిగి నేరుగా వాళ్ళింటికే పోయాను. ఆయన మగ్గం గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నా అడుగుల చప్పుడుకే, "రా పాపా, కూర్చో" అన్నాడు. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను.

"నీ అంచులు పోయినాయి పెద్దనాయనా. పంతొమ్మిదీ. నేనే తుడిచేసినా."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "ఈడ పోతే హిందూపురంలో ఉంటాయి కదా. నువ్వే చెప్తివి."

"హిందూపురంలోనే ఉండె. ఆడిదే తుడిచినా. ధర్మవరందే అసలనుకున్నా."

"ఏది అసలో నీకు తెలీదా?"

"అడిగితే అదే చెబుతుంది. నేను అడగలే."

"ఎందుకు అడగలే?"

"తెలుసనుకున్నా" అన్నాను.

కోడలు వాకిట్లో నిలబడి ఏడుస్తోంది. "ఎంత పని చేస్తివి అక్కా, ఆయన కండ్లు కారతాంటే తుడుచుకుంటా గీసినాడు" అంది. ఆయన చెయ్యెత్తి ఆమెను ఊరుకోమన్నాడు. తర్వాత గళ్ళ కాయితమూ పెన్సిలూ తెమ్మన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ గీస్తాడు, అయిదు వారాలు కాకపోతే పది వారాలు, నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంటాను అనుకున్నాను. ఆయన కాయితాన్ని మోకాలి మీద పలక మీద పరచుకుని, దాదాపు నుదురు తగిలేంత వంగి ఒక గడి నింపాడు. అది గడిలో పడలేదు. గీత మీద, రెండు గళ్ళకూ నడుమ పడింది. ఇంకొకటి నింపాడు. అది రెండు వరసల అవతల పడింది. కోడలూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"గీత యాడుండాది పాపా?" అని ఆయన అడిగాడు.

ఆయన వేలు పట్టుకుని గీత మీద పెట్టాను. వేలు పెట్టినా ఆయన చూపు కాయితం మీద లేదు, పక్కకు పోయింది.

"కడపటి అంచు గీసేటప్పుడే గళ్ళు అలుక్కోని పోతాండె. అది అయిపోయిన దినం నుంచి గీతలే కనపడలే. పంతొమ్మిదీ ఎక్కినాయి కదా, ఇంగ కండ్లతో ఏం పని అని నేనెవురికీ చెప్పలే" అన్నాడు.

కోడలికి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఆమె ఏడుపు ఆగిపోయింది. డిస్కు సంగతి తెలిసినప్పుడు తగిలిన దెబ్బ దీని ముందు ఏమీ కాదు. ఆయన ఉన్న చూపంతా ఆ పంతొమ్మిదింటికి ఖర్చు పెట్టేసి, అవి భద్రంగా ఉన్నాయన్న నిమ్మదితో చీకట్లో కూర్చున్నాడు. ఆ నిమ్మదిని కూడా నేనే తీసేశాను.

వారం గడిచాక ఆయనే కబురు పంపాడు. కండ్లు లేకపోతే ఏం, లెక్క నోట్లో ఉండాది, చెప్తా, కొట్టుకోమను అని. నేను సంఘంలో చెప్పి హిందూపురం పని ఆపుకుని రోజూ ధర్మవరం పోవడం మొదలుపెట్టాను. ఆయన ఆఫీసులో కుర్చీలో నిటారుగా కూర్చునేవాడు. కోడలు కంప్యూటర్ ముందు, నేను ఆయన పక్కన.

మొదటి రోజు కోడలు సిద్ధం కాగానే ఆయన ఆపాడు. "ముందు ఆ రెండింటినీ అడుగు."

అడిగాను. తెర మీద వచ్చింది పైకి చదివాను. ధర్మవరం అసలు, హిందూపురం నకలు, రెండింటికీ తేడా సున్నా. ఆయన ఊఁ అన్నాక మొదలుపెట్టాడు. నన్ను సాధించడానికి చేయలేదాయన, ఆయన గొంతులో అలాంటిదేమీ లేదు. మగ్గం మీద కూర్చోగానే పోగులు సరిచూసుకుంటారు, అలాగే అడిగించాడు. ఆ రోజు నుంచీ ఒక్క రోజు కూడా అడగకుండా మొదలుపెట్టనివ్వలేదు.

"మూడు నిండు, రెండు ఖాళీ, ఒకటి నిండు, నాలుగు ఖాళీ." ఒక వరస అయ్యాక ఇంకో వరస, కింది నుంచి పైకి. కళ్ళు మూసుకుని, తొడ మీద వేళ్ళతో లెక్క వేసుకుంటూ చెప్పేవాడు. మొదటి రెండు అంచులు తడుముకోకుండా వచ్చాయి. మూడోదానికి వచ్చేసరికి మధ్యమధ్య ఆగడం మొదలైంది. గీసేటప్పుడు కన్ను చెప్పేది చేతికి, ఇప్పుడు కన్ను లేదు అనేవాడు. అయిదోదానిలో ఒక అంచు వరస ఇంకో అంచులో కలిసిపోయింది. కోడలు వెనక్కి చదివి వినిపిస్తే, "అది కాదు, తుడిచెయ్" అన్నాడు. ఆ మాట విని నేను రెండు మిషన్లనూ ఇంకోసారి అడిగాను. మూడు వారాల్లో ఆరు అంచులు వచ్చాయి. మిగతావాటిలో చాలావరకు పేర్లు మాత్రం చెప్పగలిగాడు, లోపలిది రాలేదు.

ఏడోది జొన్నకంకి అంచు. వర్షాలు సరిగ్గా పడని సంవత్సరం, చేలో ఉన్న ఒకే ఒక్క కంకి మీద పిట్ట వాలడం చూసి గీశాడట. ఆయన సొంతంగా గీసిన మొట్టమొదటి అంచు అదే, అంతకుముందు గురువు గీసినవి చూసి గీసేవాడట. ఆ ఉదయం ఉత్సాహంగా ఉన్నాడు. కంకి కాడ వచ్చింది, ఆకు వంపు వచ్చింది, గింజలు వరస వరసా వచ్చాయి. తర్వాత పిట్ట కాళ్ళు, పొట్ట, మూసిన రెక్క. తెర మీద అది వాలినట్టే కనబడుతుంటే కోడలు నవ్వింది. చాలా రోజుల తర్వాత నేను కూడా నవ్వాను.

అప్పుడు ఆయన ఆగాడు. వేళ్ళు తొడ మీద అలాగే ఉన్నాయి.

"మెడ యాడికి తిరగాల?" అన్నాడు.

మేమిద్దరం ఏం చెప్పగలం. కంకి వైపు తిప్పి నాలుగు వరసలు చెప్పాడు, చదివించుకుని కాదన్నాడు. వెనక్కి తిప్పి చెప్పాడు, అదీ కాదన్నాడు. టీ తెప్పిస్తే తాగలేదు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుని, చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంతే ఉండాది పాపా. దాచిపెట్టు" అన్నాడు.

కోడలు దాచింది. నేను రెండు మిషన్లనూ అడిగి, ఆయనకు వినబడేలా చదివాను. ధర్మవరం అసలు, హిందూపురం నకలు, తేడా సున్నా. రెండింటిలోనూ చూశాను. పిట్ట రెండింటిలోనూ ఒకేలా ఉంది, మెడ దాకా.